బయోడైనమిక్ ద్రాక్షతోటలో రెండు నెలలు పనిచేయాలంటే ఏ కాలం మంచిది? కోతరోజును నిర్ణయించేది చంద్రుడా, పండా?

పందిరినీడ:

అందరికీ నమస్కారం. మాది శామీర్‌పేట దగ్గర ఒక పల్లె. నేను పదో తరగతికి వచ్చేదాకా మాకు ఆరెకరాల ద్రాక్షతోట ఉండేది. రాతి కడీల మీద కట్టిన పందిరి కింద ఎక్కువ భాగం అనాబ్-ఎ-షాహీ, ఒక పక్కన థామ్సన్ సీడ్‌లెస్ పండించేవాళ్లం. బోర్లు ఎండిపోయి, చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయ్యాక నాన్నగారు పందిరి విప్పేశారు. ఇప్పుడు నేను జర్మనీలో వ్యవసాయ శాస్త్రంలో పీజీ చేస్తున్నాను. వచ్చే ఏడాది రెండు నెలలు ఏదైనా తోటలో పనిచేసి రావడం మాకు తప్పనిసరి. ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో, కోల్మార్ దగ్గర, ఒక బయోడైనమిక్ తోటవారు (సేంద్రియ సేద్యానికి కొమ్ము ఎరువు, చంద్రుని లెక్క కలిపిన పద్ధతి అది) రమ్మన్నారు. ఏ రెండు నెలలన్నది మాత్రం నన్నే తేల్చుకోమన్నారు.

నా తోటివారందరూ సెప్టెంబరు కోతకే వెళుతున్నారు. నేనూ అలాగే అనుకున్నాను గానీ, నాకు తీరని సందేహం ఒకటి ఉంది. ఆవు కొమ్ములో పేడ నింపి పాతిపెట్టడం గురించీ, చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో చూసి పనులు చేయడం గురించీ చదివాను. కార్తెలు చూసి విత్తనం వేసే ఇంట్లో పుట్టాను కాబట్టి అది నాకు విడ్డూరంగా తోచలేదు. అయితే అక్టోబరు కత్తిరింపు తరువాత తుపాను వాన పట్టి, ఆకుల మీద డౌనీ మిల్డ్యూ అనే బూజు తెగులు కనిపించిన రోజున నాన్నగారు అన్నం కూడా తినకుండా మందు డబ్బా భుజాన వేసుకుని తిరగడం నాకు బాగా గుర్తుంది. మొక్క లోపలికి ఇంకే అంతర్వాహిక మందులేవీ వాడకుండా అక్కడివారు పంటను కోతదాకా ఎలా తీసుకువస్తారు? కోతరోజును నిజంగా పంచాంగం చూసే పెడతారా? ఆ తోటల్లో ఏడాది పొడవునా పనిచేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.

కోల్మార్ తెలుగు:

నమస్కారమండీ. మీరు వెళ్లబోతున్న ప్రాంతంలోనే, డెమెటర్ (బయోడైనమిక్ పంటలకు ముద్ర ఇచ్చే సంస్థ) ధ్రువీకరణ ఉన్న ఒక చిన్న తోటలో, 2020 నవంబరు నుంచి 2021 అక్టోబరు దాకా ఒక పంటకాలమంతా పనిచేశాను. ముందుగా మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను: కోతకు వెళ్లకండి. మే నడుమ వెళ్లి జూలై నడిమి దాకా ఉండండి. ఎందుకో ఆ ఏడాది సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

మన తోటల్లో ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తాం. అక్కడ చలికి తీగ పూర్తిగా నిద్రపోతుంది కాబట్టి కత్తిరింపు ఒక్కటే, అదీ డిసెంబరు నుంచి మార్చి లోపల. మొక్కకు ఒకటో రెండో పొడవైన కొమ్మలు మాత్రం ఉంచి, వాటిని విల్లులా వంచి కింది ఇనుప తీగకు కడతారు. చలికాలమంతా అదే పని, దాని గురించి ఇంతకుమించి చెప్పవలసింది లేదు.

కొమ్ము ఎరువు గురించి మీరు అడిగారు కాబట్టి కళ్లారా చూసినది రాస్తాను. ఈనిన ఆవు కొమ్ముల్లో తాజా పేడ కూరి శరదృతువులో పాతిపెడతారు, వసంతంలో తీస్తారు. ఏప్రిల్ మొదట్లో మేము గొయ్యి తవ్వాం. తోట యజమానురాలు ఒక కొమ్మును తీసి ఇంకో కొమ్ముతో మెల్లగా తట్టగానే లోపలి ముద్ద జారి నా అరచేతిలో పడింది. పేడ వాసన మచ్చుకైనా లేదు. తొలకరికి తడిసిన నేల వాసన వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే నల్లగా, మెత్తగా, కాస్త జిగురుగా ఉంది. హెక్టారుకు 100 గ్రాముల చొప్పున, ముప్పై పైచిలుకు లీటర్ల గోరువెచ్చని నీటిలో వేసి, కొయ్య తొట్టిలో గంటసేపు కలపాలి. ఒక వైపు తిప్పుతూ సుడి అడుగుదాకా దిగాక, చటుక్కున రెండో వైపు తిప్పాలి. నీళ్లన్నీ ఒక్కసారి చెదిరి మళ్లీ కొత్త సుడి కడతాయి. ఆ నీటిని సాయంత్రం పూట పెద్ద చుక్కలుగా నేల మీద చల్లాం. పలుగురాయి పొడిని కొమ్ములో నింపి వేసవి అంతా పాతి తీసిన రెండో మందు ఉంటుంది, దాన్ని హెక్టారుకు సుమారు 4 గ్రాములే వాడతారు, తెల్లవారుజామున ఆకుల మీద పొగమంచులా పడేట్టు కొడతారు.

ఆ ఏప్రిల్ మొదటి వారంలోనే ఫ్రాన్స్ అంతటా గడ్డకట్టే చలి వచ్చి ఎన్నో ప్రాంతాల్లో చిగుళ్లు మాడిపోయాయి. మా గుట్ట మీద మొగ్గలింకా విచ్చలేదు కాబట్టి బతికిపోయాం. అసలు కష్టం వానతో వచ్చింది. కోల్మార్ వోజ్ పర్వతాల వాననీడలో ఉంటుంది, ఫ్రాన్స్‌లో అతి తక్కువ వాన పడే చోట్లలో అదొకటి. అటువంటి చోట ఆ ఏడాది మే నుంచి జూలై దాకా ముసురు పట్టింది. డౌనీ మిల్డ్యూకు అక్కడివారు మూడు పదుల లెక్క చెబుతారు: చిగురు 10 సెంటీమీటర్లు పెరిగి, 10 మిల్లీమీటర్ల వాన పడి, వేడి 10 డిగ్రీలు దాటితే ఇక కాచుకోవలసిందే. ఆ లెక్క మాకు మేలోనే నిండింది. ఆకు పైన నూనె చుక్క పడినట్టు పసుపు మచ్చ, తిప్పి చూస్తే అడుగున తెల్లని నూగు. మీ నాన్నగారికి చూపిస్తే వెంటనే గుర్తుపట్టేవారు.

ఆ తోటవారి చేతిలో ఉన్న అసలు మందు మీకు కొత్తదేమీ కాదు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమమే. బూడిద తెగులుకు గంధకం. ఈ రాగి ఆకు లోపలికి వెళ్లదు, పైన పొరలా ఉండి కాపాడుతుంది. పాతిక మిల్లీమీటర్ల వాన పడితే అది కడుక్కుపోతుంది, ఆ లోపల పుట్టిన కొత్త ఆకుకు రక్షణే ఉండదు. కాబట్టి ప్రతి వానకూ ముందు కొట్టాలి. అలాగని ఎంతైనా కొట్టే వీలు లేదు. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగి దాటకూడదు, డెమెటర్ వారు ఏడాదికి సగటున 3 కిలోలే ఒప్పుకుంటారు. మా యజమానురాలు వంటింటి గోడ మీద ప్రతిసారీ ఎన్ని గ్రాములు కొట్టారో రాసుకునేవారు. జూన్ చివరికి ఆ లెక్క చూసి ఆమె మాట్లాడకుండా నిలబడిపోవడం నేను చూశాను. నెటిల్ అనే దురద మొక్క ఆకుల కషాయం, హార్స్‌టెయిల్ మొక్క కషాయం కూడా కలిపి కొట్టాం. వాటివల్ల ఎంత మేలు జరిగిందో నేను చెప్పలేను గానీ, చేతులతో చేసిన పని వల్ల జరిగిన మేలు మాత్రం స్పష్టంగా కనిపించింది. అనవసరపు చిగుళ్లు గిల్లడం, కొమ్మలను జంట ఇనుప తీగల మధ్యకు ఎక్కించడం, గుత్తుల దగ్గర పొద్దుటి ఎండ తగిలే వైపు ఆకులు దూయడం ఏ వరసల్లో సకాలంలో జరిగిందో అక్కడ గాలి ఆడి గుత్తులు నిలిచాయి. వారం ఆలస్యమైన వరసల్లో గుత్తులు తోలులా ముడుచుకుని గోధుమరంగుకు తిరిగి రాలిపోయాయి. రిస్లింగ్ అనే తెల్ల ద్రాక్షలో సగానికి పైగా పోయింది.

ఇక కోతరోజు. ఆమె వంటింట్లో బయోడైనమిక్ పంచాంగం వేలాడుతూ ఉంటుంది. చంద్రుడు మేష, సింహ, ధనుస్సు రాశుల్లో ఉంటే పండు రోజులు. వృషభ, కన్య, మకరాల్లో వేరు రోజులు. మిథున, తుల, కుంభాల్లో పువ్వు రోజులు. కర్కాటక, వృశ్చిక, మీనాల్లో ఆకు రోజులు. కోతకు పండు రోజు శ్రేష్ఠమంటారు. ఆ ఏడాది అక్టోబరు మొదటి శనివారం మధ్యాహ్నం నుంచి పండు రోజులు మొదలవుతున్నాయి. వాతావరణ సూచన చూస్తే శనివారం రాత్రి నుంచే వాన. ఆమె గురువారం పొద్దున్నే వరసల వెంట నడుస్తూ అక్కడొకటి ఇక్కడొకటిగా పండ్లు తెంపి, చక్కెర శాతం కొలిచి, గింజలు కొరికి చూశారు. గింజ పచ్చదనం పోయి గోధుమరంగుకు వచ్చి, వేయించిన శనగగింజలా పటుక్కున విరిగింది. తొక్క వేళ్ల మధ్య సులువుగా చిట్లింది. మరునాడే, అంటే ఆకు రోజున, కోత పెట్టారు. పంచాంగం మాట నేను అడిగితే, తడిసిన తొక్క మీద బూజు ముహూర్తం చూసుకుని రాదు కదా అన్నారు. మరి పంచాంగం ఎందుకంటే, వాతావరణం ఒప్పుకున్నప్పుడు అది తన పనికి ఒక క్రమం ఇస్తుందని చెప్పారు. డెమెటర్ నిబంధనల్లో కూడా కోతకు చంద్రుణ్ణి చూడాలన్న నియమం లేదు.

కోత మొత్తం చేతులతోనే. పొద్దున చల్లగా ఉండగా మొదలుపెట్టి, గుత్తిని కోసి, ఎడమచేతిలో తిప్పి చూసి, కుళ్లిన పండ్లను కత్తెర మొనతో గిల్లేసి బుట్టలో వేయాలి. ఆ తోటలో బయటి ఈస్టు కలపరు, పండు మీద ఉన్న సహజమైన ఈస్టుతోనే రసం పులుస్తుంది కాబట్టి ఒక చెడ్డ గుత్తి బుట్టలో పడితే నష్టం మామూలుకన్నా ఎక్కువ. పది రోజుల్లో అంతా అయిపోయింది. ఆ పది రోజుల్లో నాకు నడుం నొప్పి తెలిసింది గానీ ద్రాక్ష గురించి కొత్తగా తెలిసినది తక్కువ. తెలిసినదంతా మే, జూన్, జూలైలలోనే తెలిసింది.

నేలపరీక్ష:

పై జవాబు చాలా బాగుంది. నేను మట్టి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ కోణం నుంచి కొంత కలుపుతాను.

బయోడైనమిక్ సేద్యానికి మూలం 1924 జూన్‌లో రూడాల్ఫ్ స్టైనర్ కోబెర్విట్జ్ అనే ఊళ్లో, ఇప్పుడది పోలండ్‌లో ఉంది, రైతులకు ఇచ్చిన ఎనిమిది ఉపన్యాసాలు. కొమ్ము ఎరువు అప్పటిదే. రోజుకొక గుర్తు పెట్టిన పంచాంగం మాత్రం ఆయన ఇచ్చినది కాదు, జర్మనీకి చెందిన మరియా థున్ 1960లలో ప్రచురించడం మొదలుపెట్టినది. ఇక్కడ తెలుగువారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. పాశ్చాత్య జ్యోతిషంలో రాశులను వసంత విషువత్తు (మార్చిలో పగలూ రాత్రీ సమానమైనప్పుడు సూర్యుడుండే చోటు) నుంచి లెక్కిస్తారు. థున్ పంచాంగం మాత్రం మన పంచాంగంలాగా ఆకాశంలో నిజంగా కనిపించే నక్షత్రాల ఆధారంగా నడుస్తుంది. తేడా ఏమిటంటే మనం ఒక్కొక్క రాశికి సమానంగా 30 డిగ్రీలు ఇస్తాం, ఆమె నక్షత్ర మండలం ఎంత వెడల్పుంటే అంతే తీసుకున్నారు, అందుకే కర్కాటకం చిన్నది, కన్య పెద్దది. కాబట్టి మీ ఇంటి పంచాంగంతో అది ప్రతిరోజూ సరిపోతుందని అనుకోకండి. మన కార్తెలు సూర్యుని బట్టి వస్తాయి, అవి రుతువును చెబుతాయి. వాటికి వానలతో ఉన్న సంబంధం అనుభవంలో నిలిచినది. చంద్రుడు రాశి మారినందువల్ల ద్రాక్షలో తేడా వస్తుందని చెప్పడానికి అటువంటి బలమైన ఆధారం నేను చూడలేదు.

ద్రాక్ష మీద జరిగిన రెండు దీర్ఘకాలిక ప్రయోగాలు మీకు పనికివస్తాయి. కాలిఫోర్నియాలో యుకాయా దగ్గర మెర్లో అనే నల్ల ద్రాక్ష తోటలో 1996లో మొదలైన ప్రయోగంలో, ఒకే సేంద్రియ పద్ధతిలో నడిచే మడులను రెండుగా చీల్చి, కొన్నింటికి మాత్రమే బయోడైనమిక్ మందులు ఇచ్చారు. ఏళ్ల తరబడి చూసినా మట్టిలో తేడా తేలలేదు. 2003 పంటలో మాత్రం బయోడైనమిక్ మడుల పండ్లలో చక్కెర, ఫీనాళ్లు (రంగు, వగరు ఇచ్చే పదార్థాలు) కొంత ఎక్కువగా కనిపించాయి. రెండోది మీకు దగ్గరే, జర్మనీలోని గైసెన్‌హైమ్‌లో రిస్లింగ్ మీద 2006లో మొదలైనది. అక్కడ సేంద్రియ, బయోడైనమిక్ మడులు రెండింటిలోనూ తీగ పెరుగుదల, దిగుబడి రసాయనాలు వాడిన మడులకన్నా తగ్గాయి, పండు నాణ్యతలో చెప్పుకోదగిన తేడా రాలేదు, ఆ రెండు పద్ధతులకూ మధ్య తేడా చాలా స్వల్పం. హెక్టారుకు 100 గ్రాముల ఎరువు పోషకంగా పనిచేస్తుందని ఎవరూ అనుకోలేరు. ఆ తోటల్లో మట్టి బాగుండడానికి కారణం కంపోస్టు, వరసల మధ్య పెంచే పప్పుజాతి మొక్కలు, బరువైన యంత్రాలు తిరగకపోవడం అని నా అభిప్రాయం.

రాగి విషయంలో మాత్రం నాకు బాధగా ఉంటుంది. అది లోహం, కుళ్లి పోదు. యూరప్‌లో పాత తోటల నేలల్లో వందేళ్లకు పైగా కొట్టిన బోర్డో మిశ్రమం పై పొరలోనే పేరుకుని ఉంది, అది వానపాములకు మంచిది కాదు. మట్టిని ప్రాణంలా చూసుకుంటామని చెప్పే పద్ధతికి ఇది నిజమైన చిక్కు. మీరు వెళ్లే తోటవారిని మట్టిలో రాగి పరీక్ష ఫలితాలు చూపించమని మర్యాదగా అడగండి.

పందిరినీడ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నూనె మచ్చ, అడుగున తెల్లని నూగు అన్న మాట చదవగానే మా పందిరి కళ్ల ముందు కదిలింది. ఇంకొక్క సందేహం. వాన ఇంత ప్రధానమైతే, వేసవిలో వాన లేని చోట ఈ పద్ధతి సులువవుతుందా? మన తెలంగాణ తోటల్లో దీన్ని చేయడానికి అడ్డేమిటి?

మెండొసినో వాసి:

మొదటి ప్రశ్నకు నేను చెప్పగలను. ఉత్తర కాలిఫోర్నియాలో మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక బయోడైనమిక్ తోటలో మూడేళ్లుగా సెలవు రోజుల్లో సాయం చేస్తున్నాను. ఇక్కడ మే నుంచి అక్టోబరు దాకా వాన దాదాపు ఉండదు, అందువల్ల డౌనీ మిల్డ్యూ బెడద లేదు. బూడిద తెగులు ఒక్కటే పెద్ద శత్రువు, దానికి గంధకం సరిపోతుంది. అమెరికాలో డెమెటర్ ధ్రువీకరణ పొందిన మొదటి వైన్ తయారీదారులైన ఫ్రే వారిది ఈ మెండొసినో ప్రాంతమే కావడం నాకు ఆశ్చర్యంగా అనిపించదు. అల్సాస్‌లో ఒక్క జూన్‌లో పడే శ్రమ ఇక్కడ ఏడాదిలో కూడా పడరు. మా బాధలు వేరు: నీటి కొరత, కార్చిచ్చు. 2020లో కోతకు ముందు వారాల తరబడి పొగ కమ్మితే పండు తొక్కకు పట్టిన ఆ వాసన వదలక, చుట్టుపక్కల చాలామంది, ఏ పద్ధతివారైనా సరే, గుత్తులను తీగ మీదే వదిలేశారు.

పాత రైతు:

బాబూ, నీ రెండో ప్రశ్నకు నేను చెబుతాను. నేను మేడ్చల్ వైపు ముప్పై ఏళ్లు ద్రాక్ష వేసినవాణ్ణి. మీ నాన్నగారి వయసు ఉంటుంది.

మన దగ్గర తీగ నిద్రపోదు. చలి చాలదు కాబట్టి అక్టోబరులో కత్తిరించాక కళ్లన్నీ, అంటే మొగ్గలన్నీ, ఒకేసారి చిగురించవు. అందుకోసమే మనం కత్తిరించిన వెంటనే కళ్లకు హైడ్రోజన్ సైనమైడ్ పూస్తాం. థామ్సన్ గుత్తి సాగడానికి, కాయ లావెక్కడానికి జిబ్బరెలిక్ ఆమ్లంలో ముంచుతాం. ఈ రెండూ ఆ పద్ధతిలో పనికిరావు. మొదటిది లేకపోతే పూత ముందూ వెనకా వస్తుంది, కోత ముందూ వెనకా అవుతుంది. రెండోది లేకపోతే మార్కెట్‌లో ఆ గుత్తిని ఎవరూ తీసుకోరు, ఎందుకంటే మనం అమ్మేది తినే పండు, వాళ్లు పిండేది రసం. చిన్న కాయ, మందపు తొక్క వాళ్లకు మంచిది; మనకు అదే నష్టం. గింజ ఉన్న అనాబ్-ఎ-షాహీకి ముంచే పని లేదు కాబట్టి దానితోనైతే కొంత ప్రయత్నించవచ్చు. కానీ అక్టోబరు, నవంబరుల్లో తుపాను వాన వచ్చిందంటే మళ్లీ ఆ మైలుతుత్తమే గతి.

కొమ్ము ఎరువు నేను కూడా చేశాను, ద్రాక్ష తీసేశాక పెట్టిన జామతోటలో. జీవామృతంతో పాటు వాడాను, కాబట్టి ఏది దేని ఫలితమో విడదీసి చెప్పడం అబద్ధమవుతుంది. మట్టి మాత్రం గుల్లబారింది.

కోత సంగతి ఒకటి చెబుతాను. గుత్తిలో భుజాల దగ్గరి కాయ ముందు పండుతుంది, కొన దగ్గరిది చివరికి పండుతుంది. కొనుగోలుదారు ఎప్పుడూ పైకాయ తిని చూసి కోయమంటాడు. నేను గుత్తిని పైకెత్తి కొనకాయ తినేవాణ్ణి. కొనకాయ తీయగా ఉంటేనే కత్తెర. చక్కెర కొలిచే మిషన్ లేకుండా అలాగే కోశాం. అక్కడికి వెళ్లాక ఆ అమ్మ ఏ కాయ కొరుకుతుందో చూసి వచ్చి నాకు చెప్పు.

కోల్మార్ తెలుగు:

పెద్దాయన గారూ, ఆమె కూడా గుత్తి కొన నుంచే తెంపేవారు. వరస మొదట్లోని మొక్కల పండు తినేవారు కాదు, ఎండ ఎక్కువ తగిలి అవి ముందే పండుతాయని లోపలికి నడిచి వెళ్లేవారు.

పందిరినీడ గారూ, వెళ్లేటప్పుడు మంచి వాన కోటు, మడమ జారని బూట్లు తీసుకువెళ్లండి. ఏటవాలు వరసల్లో మందు డబ్బా వీపున వేసుకుని దిగేటప్పుడు బంకమట్టి మీద మొదటిరోజే నేను రెండుసార్లు పడ్డాను. పూత సాధారణంగా జూన్‌లో వస్తుంది. అక్కడి నుంచి కోతకు సుమారు 100 రోజులని అక్కడివారు లెక్కగడతారు. పూత రోజుల్లో తోట పొడవునా సన్నని తీపి వాసన ఉంటుంది. ఆ వారం మాత్రం తప్పిపోకుండా చూసుకోండి.

పందిరినీడ:

మే 15 నుంచి జూలై 15 దాకా వస్తానని తోటవారికి ఇప్పుడే రాశాను. రాగి పరీక్ష ఫలితాల మాట కూడా అందులోనే అడిగాను. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ ఫోన్‌లో నాన్నగారికి చదివి వినిపించాను. ఏడాదికి 3 కిలోల రాగి అన్న చోట ఆపమని, ఎకరానికి ఎంతవుతుందో లెక్క కట్టి చెప్పమన్నారు. కిలో రెండువందల గ్రాములన్నాను. ఏడాది మొత్తానికా అని రెండుసార్లు అడిగి, అయితే ఆకులు దూసే పనిలో ఎంతమంది మనుషులుంటారో కనుక్కోమన్నారు. పెద్దాయన గారూ, కొనకాయ మాట చెప్పగానే ఆయన మిమ్మల్ని చూడాలన్నారు; మీకు అభ్యంతరం లేకపోతే సంక్రాంతికి నేను వచ్చినప్పుడు ఇద్దరం కలిసి మీ జామతోటకు వస్తాం. ఆవు కొమ్ములు పాతిపెట్టే రోజు నా రెండు నెలల్లో రాదు కాబట్టి, శరదృతువులో ఆ ఒక్క రోజుకు మళ్లీ రానిస్తారా అని తోటవారిని విడిగా అడిగాను.